రెండు కిలోల హద్దు: రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత బలం పెంచే వ్యాయామం - ఒక కేస్ స్టడీ

ఆమెకు 54 ఏళ్లు. లైబ్రేరియన్. ఎడమ రొమ్ము తొలగించి, చంకలోని లింఫ్ గ్రంథులు 17 తీసి పరీక్షిస్తే మూడింటిలో క్యాన్సర్ కనిపించింది. ఆ తర్వాత కీమోథెరపీలో డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి నాలుగు విడతలు, పాక్లిటాక్సెల్ వారానికొకటి చొప్పున 12 డోసులు, ఆపైన ఛాతీ గోడకూ మెడ దిగువ భాగానికీ రేడియేషన్ ఇచ్చారు. కణితి హార్మోన్లకు స్పందించే రకం కాబట్టి రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చేనాటికి ఆపరేషన్ జరిగి ఏడాది దాటింది, రేడియేషన్ ముగిసి ఐదు నెలలైంది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఆమె వెంట తెచ్చిన కాగితం మీద "ఎడమ భుజం బిగుతు, ఫిజియోథెరపీ అవసరం" అని ఉంది. ఆమె అడిగింది మాత్రం వేరు. "మేడం, పై అరలో ఒక్క పుస్తకం పెట్టాలన్నా పక్కవాళ్లను పిలవాల్సి వస్తోంది. ఇక ఈ చేయి ఇంతేనా?"

ఆమె పనిచేసే చోట పాత పత్రికలను ఏడాదికొకటి చొప్పున కలిపి కుట్టిన బైండు సంపుటాలు ఉంటాయి. ఒక్కొక్కటి మూడు నుంచి నాలుగు కిలోలు. వాటిని తలకన్నా ఎత్తున ఉన్న అరల్లోకి ఎక్కించాలి, దించాలి. ఆపరేషన్ తర్వాత ఆమెకు చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి ఎడమ చేత్తో రెండు కిలోలకు మించి ఎత్తవద్దని. ఎన్నాళ్లు ఎత్తవద్దో ఎవరూ చెప్పలేదు. గడువు లేని ఆ ఆంక్షను ఆమె అక్షరాలా పాటిస్తూ వచ్చారు. భర్త ఇంకో అడుగు ముందుకు వేసి రెండు కిలోలు కాదు, పావు కిలో సంచి కూడా ఆమె చేతిలో ఉండనివ్వడం లేదు. నా గదిలోకి వస్తూ కూడా ఆమె హ్యాండ్‌బ్యాగు ఆయనే పట్టుకున్నారు.

ఈ కేసును రాయడానికి కారణం ఇదే. ఎడమ చేతిని కాపాడుకోవడం కోసం ఏడాదికి పైగా వాడకుండా ఉంచిన ఫలితంగా ఆ చేయి మరింత సులభంగా దెబ్బతినే స్థితికి చేరింది. అందరి కళ్లూ ఆ చేతి మీదే ఉండటంతో కాళ్లలో పోయిన బలాన్ని ఎవరూ గమనించలేదు, ఆమె కూడా.

వచ్చినప్పటి స్థితి

భుజాన్ని ముందు నుంచి పైకి ఎత్తితే కుడివైపు 170 డిగ్రీలు వెళ్తోంది, ఎడమవైపు 128 దగ్గర ఆగిపోతోంది. పక్క నుంచి ఎత్తితే 105. అక్కడ చంకలోంచి మోచేతి దాకా చర్మం కింద బిగించిన దారాల్లా రెండు తీగలు తేలాయి. లింఫ్ నాళాలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ గట్టిపడి ఇలా తీగలు కట్టడం చంక ఆపరేషన్ తర్వాత తరచుగా కనిపించేదే. చాలామందిలో మొదటి నెలల్లోనే తగ్గిపోతుంది. ఈమెలో ఏడాది దాటినా ఉండిపోయింది. చేయి చాచి ఎత్తనే ఎత్తకపోతే వాటికి సాగే సందర్భం ఎక్కడిది?

పై చేతి లోపలివైపు చర్మం మొద్దుబారి ఉంది. చంకలోంచి వెళ్లే ఒక చిన్న స్పర్శ నరం ఆపరేషన్‌లో తెగినా సాగినా ఇలా జరుగుతుంది. దీనివల్ల కదలికకు అడ్డం లేదు, కానీ స్లీవ్ ఒరుసుకున్నా గోరు గీరుకున్నా తెలియదు కాబట్టి గుర్తుపెట్టుకోవాలి.

గోడకు చేతులు ఆనించి నెట్టమన్నప్పుడు వెనక నిలబడి చూశాను. కుడి రెక్క ఎముక వీపుకు అంటుకునే ఉంది. ఎడమ రెక్క ఎముక లోపలి అంచు మెల్లగా పైకి లేచింది, వేలు దూర్చేంత సందు కనిపించింది. రెక్క ఎముకను పక్కటెముకలకు అదిమి పట్టే కండరం బలహీనపడిందన్న మాట. దానికి వెళ్లే నరం చంక గోడ వెంటే దిగుతుంది. పూర్తిగా తెగితే రెక్క బాగా బయటికి పొడుచుకొస్తుంది. ఇక్కడ అలా లేదు. నరం పనిచేస్తోంది, కండరం నీరసపడింది. పై అరకు చేయి అందకపోవడానికి భుజం బిగుతు ఎంత కారణమో ఇదీ అంతే కారణం. బిగుతు ఒక్కటే సాగదీసి పంపిస్తే చేయి పైకి వెళ్తుంది కానీ అక్కడ బరువు నిలపలేదు.

చేతుల చుట్టుకొలత మణికట్టు నుంచి ప్రతి నాలుగు సెంటీమీటర్లకు ఒకసారి టేపుతో కొలిచి ఘనపరిమాణం లెక్కగట్టాను. ఎడమ చేయి కుడిచేతికన్నా 3.5 శాతం ఎక్కువ ఉంది. పైకి చూస్తే ఇది చిన్న అంకె. లింఫెడీమా (లింఫ్ ద్రవం బయటికి పోలేక నిలిచి వచ్చే వాపు) అని పేరు పెట్టడానికి చాలాచోట్ల 10 శాతం తేడాను గానీ, ఏదైనా ఒక చోట రెండు సెంటీమీటర్ల తేడాను గానీ గీతగా పెట్టుకుంటారు. అయితే ఆమెది కుడిచేతి వాటం. మామూలుగా వాటం చేయే కాస్త పెద్దగా ఉంటుంది. చిన్నగా ఉండాల్సిన చేయి పెద్దగా ఉందంటే నిజమైన తేడా ఆ 3.5 కన్నా ఎక్కువే. పైగా సాయంత్రమయ్యేసరికి చేయి బరువుగా అనిపిస్తోందని, గడియారం పట్టీ అచ్చు పడుతోందని చెప్పారు. ఆపరేషన్‌కు ముందు తీసిన కొలత ఉంటే ఈ ఊహాగానం అక్కర్లేకపోయేది. చంకలో కత్తి పెట్టబోయే ప్రతి మనిషికీ ముందురోజు రెండు చేతులూ టేపుతో కొలిచి కాగితం మీద రాసిపెడితే చాలు. పది నిమిషాల పని. తర్వాత ఎన్నో ఏళ్లు అక్కరకొస్తుంది.

పిడికిలి పట్టు కుడివైపు 22 కిలోలు, ఎడమవైపు 13.

ఇక కాళ్లు. కుర్చీలోంచి చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూశాను. తొమ్మిది. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లలోనే 12 కన్నా తక్కువ వస్తే బలం తగ్గినట్టు లెక్క. ఈమెకు ఇంకా 54. ఎనిమిదోసారి లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలాయి, తొమ్మిదోసారి ఊపు తీసుకుని లేచారు. కుడికాలి మీద ఒంటికాలితో నిలబడటం ఆరు సెకన్లు. అరికాళ్లలో ఇంకా తిమ్మిరి ఉంది, పాక్లిటాక్సెల్ వదిలివెళ్లిన గుర్తు అది. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో నడుము వెన్నెముక టి-స్కోరు మైనస్ 1.9, అంటే ఎముకల సాంద్రత తగ్గడం మొదలైంది. లెట్రోజోల్ ఈస్ట్రోజెన్‌ను బాగా తగ్గిస్తుంది కాబట్టి ఇది ఇంకా దిగజారే అవకాశముంది. బలం తగ్గిన తొడలు, తూలే పాదాలు, పలచబడుతున్న ఎముకలు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే నాకు చేతి వాపుకన్నా ఆమె కిందపడటమే ఎక్కువ భయం కలిగిస్తుంది.

"చేతికోసం వస్తే కాళ్లు చూస్తారేమిటి?" అని ఆమె భర్త అడిగారు. ఆమె సమాధానం ఇచ్చారు: "మెట్లెక్కేటప్పుడు నేను రెయిలింగు పట్టుకుని ఆగుతున్నది మీరు చూడలేదు."

మొదలుపెట్టే ముందు

కీమోలో గుండెకు హాని చేయగల డాక్సోరూబిసిన్ ఉంది కాబట్టి గుండె ఎకో నివేదిక అడిగాను. పంపింగ్ 60 శాతం, సమస్య లేదు. హిమోగ్లోబిన్ 11.2, కాస్త తక్కువ. కొత్తగా మొదలై రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని ఎముక నొప్పి ఏదైనా ఉందా అని ప్రత్యేకంగా అడిగాను. అలాంటిది ఉంటే ఎముకకు జబ్బు పాకలేదని తేలేదాకా బరువులు ముట్టించను. ఆంకాలజిస్టు, సర్జన్ ఇద్దరితోనూ మాట్లాడి ఏం చేయబోతున్నానో చెప్పాను. సర్జన్ ఫోనులో ఒకే ప్రశ్న వేశారు: "లింఫెడీమా వస్తే?"

ఆ ప్రశ్నకు ఆధారాలతో జవాబు చెప్పగలిగే రోజులు వచ్చి చాలాకాలమైంది. చంకలో గ్రంథులు తీసేశాక ఆ చేతి నుంచి లింఫ్ బయటికి పోయే దారులు తగ్గుతాయి. బరువు ఎత్తితే చేతికి రక్తం ఎక్కువగా చేరుతుంది, ఆ మేరకు లింఫ్ కూడా ఎక్కువ తయారవుతుంది. దారి ఇరుకైనచోట రద్దీ పెంచకూడదన్నదే పాత జాగ్రత్త వెనక ఉన్న తర్కం. వినడానికి సబబుగానే ఉంటుంది. అందుకే దశాబ్దాలపాటు ఎవరూ ప్రశ్నించలేదు. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే వైద్యుడు ఈ చికిత్స చేయించుకున్న 24 మంది మహిళలను డ్రాగన్ బోటు (జట్టుగా కూర్చుని నడిపే పొడవాటి పడవ) తెడ్డు వేయడానికి సిద్ధం చేశారు. తెడ్డు వేయడమంటే చేతులతో పదేపదే గట్టిగా లాగడం, సరిగ్గా వద్దన్న పనే. వాళ్లలో కొత్తగా ఎవరికీ లింఫెడీమా రాలేదు. అది చిన్న బృందం, పోల్చి చూడటానికి మరో గుంపు లేదు. ఆ లోటును అమెరికన్ పరిశోధకురాలు క్యాథరిన్ ష్మిట్జ్ నడిపిన అధ్యయనాలు తీర్చాయి. 2009లో వెలువడినదాంట్లో అప్పటికే లింఫెడీమా ఉన్న 141 మంది ఉన్నారు. ఏడాదిపాటు వారానికి రెండుసార్లు బరువులెత్తినవారిలో చేతి వాపు పెరగలేదు. వాపు ఉన్నట్టుండి తిరగబెట్టడం బరువులెత్తనివారిలో 29 శాతం మందికి జరిగితే, ఎత్తినవారిలో 14 శాతం మందికే జరిగింది. మరుసటి ఏడాది వాపు ఇంకా రాని 154 మంది మీద ఫలితాలు వచ్చాయి. ఐదు లేదా అంతకన్నా ఎక్కువ గ్రంథులు తీసినవారిలో బరువులెత్తనివారికి 22 శాతం, ఎత్తినవారికి 7 శాతం వాపు మొదలైంది.

నా పేషెంటుకు 17 తీశారు. ఆ చివరి వాక్యం ఆమె కోసమే రాసినట్టుంటుంది.

పాత తర్కంలో వదిలేసిన విషయం కండరం పాత్ర. కండరం బిగుసుకుని వదులైన ప్రతిసారీ పక్కనున్న లింఫ్ నాళాలను నొక్కి ద్రవాన్ని ముందుకు తోస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఐదు కిలోలు ఎత్తగల చేతికి మూడు కిలోల సంపుటం మామూలు పని. రెండు కిలోలే ఎత్తగల చేతికి అదే సంపుటం శక్తికి మించిన భారం. జీవితం ఎప్పుడో ఒకప్పుడు ఆ మూడు కిలోలను ఆమె చేతిలో పెట్టే తీరుతుంది, కిందపడబోతున్న పెట్టెను పట్టుకోవడమో, కదిలే బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడటమో. చేతిలో బలం ఉంటే ఆ క్షణం గడిచిపోతుంది. లేకపోతే వాపు మొదలయ్యేది అప్పుడే.

ఇదంతా సర్జన్‌కు ఇంత పొడవునా చెప్పలేదు. వారానికి రెండుసార్లు, నా కళ్ల ముందు, అతి తక్కువ బరువుతో మొదలుపెట్టి, నెలనెలా కొలతలు పంపుతానని చెప్పాను. సరేనన్నారు.

మొదటి ఆరు వారాలు

కాళ్లతో మొదలుపెట్టాం, మొదటి రోజు నుంచే, కాస్త గట్టిగానే. కాళ్ల విషయంలో ఆగాల్సిన కారణం ఏదీ లేదు. కుర్చీలోంచి లేవడం, తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం, గోడకు వీపు ఆనించి సగం కూర్చోవడం, మడమలు ఎత్తడం. రెండో వారానికే కుర్చీ మీది దిండు తీసేసి ఎత్తు తగ్గించాను. తిమ్మిరి ఉన్న పాదాల కోసం ప్రతి సెషన్‌లోనూ చెప్పుల్లేకుండా ఒంటికాలి సాధన, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉండేచోట.

కాళ్లతో మొదలుపెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. భయపడుతున్న మనిషికి ముందుగా ఒక విజయం కావాలి. భయం చేతిలో ఉంది, కాళ్లలో లేదు. మూడో వారం ఆమె 12 సార్లు లేచారు. శ్రమపడితే శరీరం మాట వింటుందని ఆమెకు తెలిసింది అక్కడే. ఆ తర్వాతే చేతికి డంబెల్ ఇచ్చాను.

చేతికి మొదటి మూడు వారాలు బరువు లేకుండానే. తీగలు కట్టిన చోట మెల్లగా సాగదీయడం, వెల్లకిలా పడుకుని కర్రను రెండు చేతులతో పట్టుకుని తల వెనక్కి తీసుకెళ్లడం, పొట్ట నిండా ఊపిరి పీల్చి వదలడం. రేడియేషన్ తగిలిన ఛాతీ కండరం నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి బిగుసుకుంటూనే ఉంటుంది. అందువల్ల సాగదీసే వ్యాయామం కొన్నాళ్లు చేసి వదిలేసేది కాదని మొదట్లోనే చెప్పాను. నాలుగో వారం సాగదీస్తుండగా ఒక తీగ టక్కుమని వదిలింది. ఆమె ఉలిక్కిపడ్డారు. అలా జరగడం మామూలేనని, తరచుగా మంచికేనని ముందే చెప్పి ఉంచాను కాబట్టి కంగారు నిమిషంలో తగ్గింది. ఆ రోజు చేయి 15 డిగ్రీలు అదనంగా లేచింది.

డంబెల్ అర కిలోతో మొదలైంది. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువును ఆ చేత్తో పరీక్షించలేదు. ఆ అంకె తెలిసినందువల్ల కలిగే లాభం కన్నా ఆ పరీక్షలో ఉన్న ప్రమాదం ఎక్కువ. పది సార్లు ఎత్తాక "ఇంకా ఎన్నిసార్లు ఎత్తగలరు?" అని అడిగేదాన్ని. మూడు నాలుగు అంటే బరువు సరిపోయినట్టు. ఎనిమిది అంటే తక్కువ. నోట మాట రాకుండా తల ఊపితే ఎక్కువ. ఊపిరి బిగపట్టకుండా, ఎత్తేటప్పుడు వదలమని ప్రతిసారీ గుర్తుచేయాల్సి వచ్చింది.

పెంచే పద్ధతి ష్మిట్జ్ అధ్యయనాల్లో వాడినదే: పది చొప్పున మూడు సెట్లు వరుసగా రెండు సెషన్లలో పూర్తిచేసి, చేతిలో ఏ మార్పూ లేకపోతే, అందుబాటులో ఉన్న అతి చిన్న మెట్టు పైకి. మార్పు అంటే టేపు చూపించేది మాత్రమే కాదు. బరువుగా అనిపించడం, నిండుగా ఉబ్బినట్టుండటం, ఉంగరం బిగుసుకోవడం, లోపల నొప్పిలాంటి సలుపు. టేపుకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. దీనికోసం ఒక చిన్న పుస్తకం ఇచ్చి, వ్యాయామం చేసిన రోజు రాత్రి, మర్నాడు ఉదయం చేయి ఎలా ఉందో రాయమన్నాను. లైబ్రేరియన్ కదా, ఆ పుస్తకాన్ని నేను అడిగినదానికన్నా పది రెట్లు శ్రద్ధగా నడిపారు. తర్వాత అదే మమ్మల్ని ఆదుకుంది.

లాగే వ్యాయామాలు ముందు, నెట్టేవి తర్వాత. బ్యాండును రెండు చేతులతో పొట్టవైపు లాగడం, రెక్క ఎముకలు రెండూ దగ్గరికి తేవడం. మచ్చను, రొమ్ము లేని చోటును దాచుకునే అలవాటులో ఆమె భుజాలు ముందుకు వంగిపోయాయి. అలా వంగి ఉన్న భుజంతో బరువు పైకి ఎత్తితే భుజం కీలులో కండర స్నాయువులు నలిగే అవకాశముంది. అందుకే తలపైకి ఎత్తే వ్యాయామం ఎనిమిదో వారం దాకా ఆపాను. రెక్క ఎముకకోసం గోడను నెట్టడం, అది కూడా మోచేతులు మడవకుండా, రెక్కలు మాత్రమే కదిలేలా.

కంప్రెషన్ స్లీవ్ (చేతిని బిగువుగా పట్టి ఉంచి వాపును అదుపు చేసే తొడుగు) విషయంలో నా నిర్ణయం ఇది: వాపు లక్షణాలేవీ లేనివారికి వ్యాయామానికి స్లీవ్ తప్పనిసరి చేయను. ఈమెకు సాయంత్రపు బరువు, కొలతలో తేడా ఉన్నాయి కాబట్టి కొలతకు సరిపోయే స్లీవ్ వేయించి చేతి వ్యాయామాలప్పుడు తొడుక్కోమన్నాను. ఎవరో వాడినదో, సైజు సరిపోనిదో తొడుక్కుంటే మణికట్టు దగ్గర బిగుసుకుని అరచేయి ఉబ్బుతుంది. అంతకన్నా లేకపోవడమే నయం.

విరామం తర్వాత

పదో వారం నాటికి ఎడమ చేత్తో రెండు కిలోలు ఎత్తుతున్నారు, అంటే ఏడాదిగా మోసిన ఆ హద్దు దగ్గరికి వచ్చాం. అప్పుడే జ్వరం, దగ్గు వచ్చి రెండు వారాలు ఇంట్లో ఉండిపోయారు. కాస్త కోలుకోగానే, వెనకబడిపోతున్నానన్న ఆరాటంతో ఇంట్లోనే ఒక్కరే పాత బరువుతో పూర్తి సెషన్ చేశారు. చివర్లో ఇంకొన్ని సార్లు కలిపారు కూడా. మర్నాడు పుస్తకంలో ఇలా ఉంది: "చేయి నాది కానట్టుంది. గడియారం రెండు రంధ్రాలు వదులు చేశాను."

మరుసటి రోజు నా ముందు కూర్చున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించింది నొప్పి కాదు, తప్పు చేసినట్టు భయం. భర్త ఒక్క మాట కూడా అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో తెలుస్తోంది.

ముంజేయి మధ్యలో చుట్టుకొలత 1.1 సెంటీమీటర్లు పెరిగింది. మొత్తం తేడా 6 శాతానికి చేరింది. ఇలాంటి పరిస్థితిలో ముందు వ్యాయామం గురించి ఆలోచించకూడదు. ఇంకేదైనా జరుగుతోందా అన్నది చూడాలి. చర్మం ఎర్రబడిందా, వేడిగా ఉందా, మళ్లీ జ్వరం వచ్చిందా? ఉంటే చర్మం కింద ఇన్ఫెక్షన్. అదే రోజు వైద్యుడి దగ్గరికి, యాంటీబయాటిక్స్ ఆలస్యం కాకూడదు. చేయి నీలిరంగుకు తిరిగిందా, భుజం మీద, ఛాతీ మీద సిరలు కొత్తగా ఉబ్బాయా? ఉంటే సిరలో రక్తం గడ్డకట్టిందేమో, మర్దన కూడా చేయకూడదు. మెడ దగ్గర, చంకలో కొత్త గడ్డ తగులుతోందా? వాపు హఠాత్తుగా పెరగడం జబ్బు తిరగబెట్టిందనడానికి తొలి సూచన కావచ్చు. వీటిలో ఏదీ కనిపించలేదు. అయినా ఆ వారమే సర్జన్ చేత పరీక్ష చేయించాం. వాపుకు కారణం వ్యాయామమేనని మనమే తేల్చుకుని కూర్చుంటే పెద్ద ప్రమాదాన్ని చూడకుండా వదిలేసే అవకాశముంది.

సర్జన్ పరీక్షలో ఏమీ తేలలేదు. ఆ తర్వాత చేసిన మార్పులు ఇవి. చేతి బరువు సగానికి, ఒక కిలోకు దించాం. స్లీవ్ వ్యాయామానికే కాకుండా పగలంతా. వాపు తగ్గించే మృదువైన మర్దన వారం పాటు రోజూ, దాన్ని ఆమె భర్తకు నేర్పాను. కాళ్ల వ్యాయామం మాత్రం ఒక్క సెషన్ కూడా ఆపలేదు.

చేతి వ్యాయామాన్ని పూర్తిగా ఎందుకు ఆపలేదని తర్వాత ఒక సహోద్యోగి నన్ను అడిగారు. ఆపి ఉంటే ఆమెకు వెళ్లే సందేశం ఒక్కటే: భయం నిజమే, నీ చేయి పనికిరాదు. అప్పుడు మళ్లీ డంబెల్ పట్టించడానికి ఎన్ని నెలలు పట్టేదో. పైగా దారి తప్పింది బరువు దగ్గర కాదు, తీరులో. రెండు వారాల విరామం తర్వాత ఆగిన మెట్టు మీదే మొదలుపెట్టడం, దానికి తోడు అదనంగా కలపడం. విరామం వస్తే కిందికి దిగి మళ్లీ ఎక్కాలి. ఒక వారం పోతే ఒక మెట్టు, రెండు వారాలకు మించితే సగానికి. ఈ నియమం ఆమె పుస్తకం మొదటి పేజీలో ఆమె చేత్తోనే రాయించాను.

మూడు వారాలకు తేడా 4 శాతానికి తగ్గింది. ఆరు వారాలకు మళ్లీ రెండు కిలోల దగ్గరున్నాం. అంతకన్నా విలువైనది ఆమె చెప్పిన మాట: "చేయి వాచింది, తగ్గింది. వాస్తే ఇక అంతేననుకున్నాను ఇన్నాళ్లూ."

కీళ్ల నొప్పులు

ఇది పక్క కథ, కానీ చాలామందిని లోలోపల వేధించేది. లెట్రోజోల్ మొదలైనప్పటి నుంచి ఉదయం లేవగానే వేళ్లు ముడుచుకుపోవడం, మోకాళ్లు పట్టేయడం. పదికి ఆరు అన్నారు నొప్పి. మాత్ర మానేద్దామనుకున్నానని ఐదో వారంలో, మాటల మధ్యలో చెప్పారు. ఆంకాలజిస్టుకు చెప్పలేదట. ఈ మాత్రను ఏళ్ల తరబడి వాడాలి, మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. ముందు ఆంకాలజిస్టుకు చెప్పేలా ఒప్పించాను. 2015లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఇదే రకం మాత్రలతో కీళ్ల నొప్పులు పడుతున్న 121 మందిలో బరువుల వ్యాయామం, నడక కలిపి ఏడాదిపాటు చేసినవారికి నొప్పి గణనీయంగా తగ్గింది. ఈమెకు నాలుగో నెల నాటికి ఆరు నుంచి మూడుకు వచ్చింది. ఉదయపు పట్టు పూర్తిగా పోలేదు. మాత్ర మానలేదు.

ఆరు నెలల తర్వాత

కుర్చీలోంచి లేవడం 9 నుంచి 16కు. ఒంటికాలి మీద 21 సెకన్లు. ఎడమ పిడికిలి పట్టు 13 నుంచి 19కి, కుడిది 22 నుంచి 25కు. ఎడమ భుజం ముందు నుంచి 162 డిగ్రీలు, పక్క నుంచి 155. నేల నుంచి కాస్త ఎత్తులో పెట్టిన 24 కిలోల బరువును నడుము నిటారుగా ఉంచి రెండు చేతులతో ఎనిమిది సార్లు ఎత్తుతున్నారు. ఎడమ చేత్తో నాలుగు కిలోల డంబెల్ తలపైకి పదిసార్లు. గోడను నెట్టేటప్పుడు రెక్క ఎముక అంచు ఇప్పుడు లేవడం లేదు. వంచిన బల్ల మీద పుష్-అప్‌లు చేస్తే అలసిపోయిన చివరి రెండు సార్లు మాత్రం కొంచెం కనిపిస్తుంది. రెండు చేతుల మధ్య తేడా 3 శాతం. అంటే బరువు రెండు కిలోల నుంచి నాలుగుకు పెరిగినా, వాపు మొదటి కొలతను దాటలేదు.

ఈ మార్పంతా వ్యాయామం వల్లే అని నేను అనను. కీమో, రేడియేషన్ తాలూకు అలసట కాలంతోపాటు కూడా తగ్గుతుంది, తిమ్మిరి కూడా కొంత అంతే. కానీ రేడియేషన్ తర్వాతి ఐదు నెలలూ ఊరికే గడిచాయి, ఆ కాలంలో మెట్ల మీద ఆగడం పెరిగిందే తప్ప తగ్గలేదు. తొడల్లో బలం కాలం తెచ్చిపెట్టేది కాదు.

ఎవరికైనా ఇదే కార్యక్రమం నకలు కొట్టి ఇవ్వొచ్చా అంటే, వద్దు. ఎముకల్లోకి జబ్బు పాకినవారికి, వాపు అదుపులో లేనివారికి, గుండె పంపింగ్ తగ్గినవారికి, రొమ్ము పునర్నిర్మాణం ఈమధ్యే చేయించుకున్నవారికి ఆరంభం వేరుగా ఉంటుంది. పొట్ట కండరమో వీపు కండరమో తీసి రొమ్ము కట్టినవారిలో ఆ కండరం లోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒకటి రెండు గ్రంథులే తీసినవారికి నేను ఇంకా వేగంగా పెంచుతాను. మారనిది మాత్రం ఒక్కటే: తక్కువతో మొదలుపెట్టు, చేయి చెప్పేది విని పెంచు, పైన హద్దు పెట్టకు. ష్మిట్జ్ అధ్యయనాల్లో కూడా ఎత్తే బరువుకు పై పరిమితి లేదు. డిశ్చార్జి కాగితాల మీద ఇంకా రెండు కిలోలని రాస్తున్నవారు ఆ అంకె పక్కన కనీసం గడువైనా రాయాలి, ఆ తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలో రాయాలి. గడువు లేని ఆంక్ష పెట్టి పంపించడం నా దృష్టిలో చికిత్సను మధ్యలో వదిలేయడమే.

ఆమె ఇప్పుడు వారానికి రెండు రోజులు సొంతంగా చేసుకుంటున్నారు, నా దగ్గరికి మూడు నెలలకోసారి టేపు కొలతకు, బరువుల పెంపునకు వస్తారు. పై చేతి లోపలి మొద్దుబారడం అలాగే ఉంది, అది తగ్గకపోవచ్చని చెప్పాను. సంపుటాలను పై అరకు తానే ఎక్కిస్తున్నారు, మూడు కిలోలవి ఒక్క చేత్తో, నాలుగు కిలోలవి రెండు చేతులతో. నాలుగు కిలోలవి కూడా ఒక్క చేత్తో ఎప్పుడు ఎత్తవచ్చని పోయినసారి అడిగారు. తలపైకి ఐదు కిలోలు స్థిరంగా పదిసార్లు వచ్చాక అన్నాను. వచ్చే డెక్సా స్కాన్‌లో నడుము, తుంటి ఎముకల అంకెలు చూసి కాళ్ల బరువులు ఎంత పెంచాలో నిర్ణయించుకుంటాం.